రత్నపుర గుంతల్లో దొరికే నీలాలు: మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

మాది హైదరాబాద్‌లో చిన్న నగల వర్క్‌షాప్. ముగ్గురు పనివాళ్లు, నేను. మేం పొదిగే నీలాల్లో ఎక్కువ భాగం శ్రీలంకలో, రత్నపుర చుట్టుపక్కల చేత్తో తవ్వే చిన్న గుంతల నుంచి వచ్చినవే. ఆ రాళ్ల గురించి, వాటిని తవ్వేవాళ్ల గురించి షాపుకొచ్చినవాళ్లూ ఫోన్ చేసినవాళ్లూ పదేపదే అడిగేవన్నీ ఇక్కడ ఒక చోట పెడుతున్నాను. కొన్ని జవాబులు పొడుగ్గా ఉన్నాయి, ఓపిగ్గా చదవండి.

మీరు నేరుగా తవ్వేవాళ్ల దగ్గరే కొంటారా? మధ్యలో ఎవరూ ఉండరా?

ఉంటారు. "గని నుంచి నేరుగా మీ చేతికి" అని చాలామంది రాసుకుంటారు గానీ, రత్నపురలో ఒక వారం తిరిగితే అది అంత తేలిగ్గా జరిగే పని కాదని అర్థమవుతుంది. గుంతలో బయటపడ్డ రాయి తవ్వినవాడి ఒక్కడిదే కాదు, దాని మీద ఐదారుగురికి వాటా ఉంటుంది, వాళ్లందరూ సరే అంటేనే అది అమ్ముడవుతుంది. రత్నాల వ్యాపారం చేయాలంటే అక్కడి నేషనల్ జెమ్ అండ్ జ్యువెలరీ అథారిటీ ఇచ్చే లైసెన్స్ ఉండాలి. మనలాంటి పరాయి దేశంవాళ్లు గుంత గట్టున నిలబడి డబ్బిచ్చేసి, రాయి జేబులో వేసుకుని వచ్చేయడం పద్ధతి కాదు, మంచిదీ కాదు.

మేం ఏం చేస్తామంటే, లైసెన్స్ ఉన్న ఇద్దరు వ్యాపారులతో ఏళ్లుగా పని చేస్తున్నాం. వాళ్లు ఏ గుంతల దగ్గర కొంటారో మాకు చూపిస్తారు. ఏడాదికి రెండుసార్లు వెళ్తాం, గుంత దగ్గర కూర్చుంటాం, వాళ్లు పెట్టిన టీ తాగుతాం, ముడిరాయి ఎంతకి కొన్నారో అడుగుతాం, అదే మాట వాటాదారుల్ని కూడా అడిగి సరిచూసుకుంటాం. ధర చెప్పడానికి ఇష్టపడనివాళ్ల దగ్గర కొనడం మానేశాం.

మధ్యవర్తి అంటేనే దోచుకునేవాడు అనే లెక్క నాకు మొదట్లో ఉండేది, ఇప్పుడు లేదు. నెలల తరబడి రాయి దొరక్కపోతే బియ్యానికీ మోటారు డీజిల్‌కీ డబ్బిచ్చేది చాలాసార్లు ఆ మధ్యవర్తే. అదే అప్పు చూపించి రాయి తనకే, తను చెప్పిన రేటుకే ఇవ్వాలని పట్టుబట్టినప్పుడు మాత్రం అది దోపిడీయే. ఆ రెంటిలో ఏది జరుగుతోందో కనిపెట్టడమే మా పనిలో సగం.

చిన్న గని అంటే ఎంత చిన్నది?

ఒక మంచం పట్టే గది ఎంతుంటుందో గుంత నోరు దాదాపు అంతే. వరి పొలంలోనో రబ్బరు తోటలోనో ఉంటుంది. లోతు మాత్రం 15 అడుగుల నుంచి 80 అడుగుల దాకా, ఒక్కోచోట ఇంకా ఎక్కువ. గోడలు కూలకుండా దుంగలు అడ్డంగా బిగించి, వాటి సందుల్లో కెకిల్ల అనే ఫెర్న్ ఆకుల్ని కుక్కుతారు, నీళ్లు వాటిలోంచి కారిపోతాయి గానీ మట్టి జారదు. ఊరే నీటిని తోడడానికి పైన ఒక మోటారు, ఎండావానా తగలకుండా ఆకుల కప్పు. కింద గాలి ఆడుతుందో లేదో తెలుసుకోవడానికి కొవ్వొత్తి వెలిగించి చూస్తారు, ఆరిపోతే ఆ రోజు దిగరు.

అంత లోతున వాళ్లు వెతికేది ఇల్లం అనే గులకపొరని. కోట్ల ఏళ్లుగా కొండలు అరిగి వాగుల్లో కొట్టుకొచ్చిన గులకరాళ్ల పొర అది. నీలం బరువైన రాయి, నీటికి నాలుగు రెట్లు సాంద్రత, మామూలు ఇసుకలో ఉండే క్వార్ట్జ్ అయితే రెండున్నర రెట్లకి కాస్త ఎక్కువ. అందుకే వాగు తేలిక రాళ్లని ముందుకు తోసేసి నీలాల్ని వంపుల్లో, అడుగున వదిలేసింది. మనుషులు కడిగేటప్పుడు చేసేదీ అదే.

ఇల్లం కడిగే రోజు నేను మొదటిసారి చూసింది ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఆ రోజు వాటాదారులందరూ వస్తారు, ఎవరూ పని ఎగ్గొట్టరు. కడిగేవాడు నడుములోతు నీళ్లలో నిలబడి, పెద్ద చేటలాంటి వెదురు బుట్టలో గులకని పోసుకుని గుండ్రంగా తిప్పుతాడు. ప్రతి తిప్పుకీ బురదనీళ్లు అంచు మీదుగా పోతాయి, తేలిక రాళ్లు పైకి వస్తాయి, అరచేత్తో వాటిని ఊడ్చి పారేస్తాడు. పదిహేను ఇరవై నిమిషాలకి బుట్ట అడుగున రెండు గుప్పెళ్ల నల్లటి, ఎర్రటి రాళ్లు మిగులుతాయి. అప్పుడు బుట్టని ఎండ వైపు వాల్చి పట్టుకుంటాడు. చుట్టూ పన్నెండు మంది ఉన్నారు, ఒక్కరూ మాట్లాడలేదు. వేలితో రాళ్లని వరసగా జరుపుకుంటూ వెళ్లి, ఒకచోట ఆగి, చింతగింజంత రాయిని తీసి నాలుక మీద తడిచేసి వెలుతురుకి పెట్టాడు. లేత నీలం, ఒక పక్కన పగులు. పెద్ద విలువేం లేదు. అయినా అందరి ముఖాలూ విప్పారాయి, ఎందుకంటే ఆ గుంతలో అంతకుముందు రెండు నెలలుగా గోమేధికం ముక్కలు తప్ప ఏమీ రాలేదు.

అన్నట్టు, మన నవరత్నాల్లో నీలం, పుష్యరాగం, గోమేధికం, వైడూర్యం ఈ నాలుగూ ఆ ఒక్క బుట్టలోనే దొరకొచ్చు.

రాయి అమ్మిన డబ్బు ఎవరికెంత వెళ్తుంది?

భూమి ఇచ్చినవాడికి ఒక వాటా, లైసెన్స్ ఎవరి పేరున ఉందో వాళ్లకి ఒకటి, మోటారు పెట్టినవాడికి ఒకటి, తిండికీ డీజిల్‌కీ పెట్టుబడి పెట్టినవాడికి ఒకటి, మిగిలింది తవ్వినవాళ్లు పంచుకుంటారు. శాతాలు గుంతని బట్టి, వాళ్ల మధ్య ఒప్పందాన్ని బట్టి మారుతాయి, కానీ పద్ధతి ఇదే. చాలా గుంతల్లో తవ్వేవాడికి రోజుకూలి ఉండదు. పూట భోజనం, చేతి ఖర్చుకి కొంత ఇస్తారు, అసలు సంపాదన రాయి అమ్ముడయ్యాకే.

ఇందులో మంచీ ఉంది, చెడూ ఉంది. మంచి రాయి పడితే కూలివాడు కాదు, భాగస్వామి. మన దగ్గర క్వారీలో రాయి కొట్టేవాడికి ఆ హక్కు ఎక్కడుంది? పడకపోతే మాత్రం ఆరు నెలల కష్టం గుంతలోనే పోతుంది. పైగా వాళ్లకి తెలిసిన ధర మొదటి అమ్మకపు ధర ఒక్కటే. అదే రాయి సాన పట్టాక, కొలంబో దాటాక ఎంత పలుకుతుందో వాళ్లకి తెలిసే దారి తక్కువ. అందుకే మేం పొదిగిన నగ ఫొటో, దాని అమ్మకం ధర ఆ గుంతవాళ్లకి పంపిస్తాం. మొదటిసారి పంపినప్పుడు మా వ్యాపారి కంగారుపడ్డాడు, తర్వాతి రాయికి ఎక్కువ అడుగుతారని. అడిగారు కూడా. అడగాలి కదా.

సిలోన్ నీలం అని ప్రతి షాపులోనూ అంటారు. అన్నీ శ్రీలంకవేనా?

కావు. 1998లో మడగాస్కర్‌లోని ఇలకాక దగ్గర పెద్ద నిక్షేపం బయటపడినప్పటి నుంచి మార్కెట్‌లోకి వచ్చే నీలాల్లో చాలా భాగం అక్కడివే. అక్కడికి వెళ్లి కొనేవాళ్లలో శ్రీలంక, థాయ్‌లాండ్ వ్యాపారులే ముఖ్యులు, కాబట్టి ఆ రాళ్లు శ్రీలంక చేరి, అక్కడ సాన పట్టించుకుని, సిలోన్ పేరుతో అమ్ముడుపోవడం కొత్త కాదు.

చూసి పోల్చడం కష్టం. దానికి కారణం చాలా పాతది. 50 కోట్ల ఏళ్లకు పైగా కిందట, ఈ రాళ్లు పుట్టేటప్పుడు, శ్రీలంక, మడగాస్కర్, మన దక్షిణ భారతం, తూర్పు ఆఫ్రికా అన్నీ ఒకే ఖండంలో అతుక్కుని ఉండేవి. ఒకే వేడి, ఒకే ఒత్తిడి. అందుకే పెద్ద ల్యాబులు కూడా రాయి లోపలి మచ్చల్ని, లేశమాత్రంగా ఉండే మూలకాల్ని కొలిచి "మా అభిప్రాయం ఇది" అనే రాస్తాయి. ఊరి పేరు, గుంత పేరు ఏ ల్యాబూ చెప్పదు.

మడగాస్కర్ రాయి తక్కువ రకం అని నేను అనడం లేదు, అక్కడ అద్భుతమైన రాళ్లున్నాయి. అక్కడి మైదానాల్లో పిల్లలు పని చేయడం గురించి, అనుమతి లేని తవ్వకాల గురించి ఎన్నో నివేదికలు వచ్చాయి. అక్కడికి వెళ్లి చూసుకునే స్తోమత మాకు లేదు, అందుకే కొనం. ఒక దేశం రాయిని ఇంకో దేశం పేరుతో అమ్మడం మాత్రం మోసమే, రాయి ఎంత బాగున్నా.

కశ్మీర్ నీలం దొరుకుతుందా?

మా దగ్గర లేదు. 1880ల మొదట్లో పాడర్ ప్రాంతంలో కొండచరియ విరిగిపడి బయటపడ్డ గని అది, కొద్ది ఏళ్లలోనే మంచి రాయి అయిపోయింది. ఇప్పుడు చేతులు మారేవి చాలావరకు పాత నగల్లోవే. ఎవరైనా మామూలు ధరకి కశ్మీర్ నీలం ఇస్తామంటే కొనకండి.

వేడి చేసిన రాయి అంటే నకిలీ రాయా?

కాదు. దీని మీద చాలామందికి అనవసరమైన టెన్షన్ ఉంది. నీలం, కెంపు రెండూ కురువిందమే, అంటే అల్యూమినియం ఆక్సైడ్. తమిళంలో కురుందం, ఆ దక్షిణాది మాటే ఇంగ్లీషువాళ్ల నోట కోరండం అయింది. అందులో కొంచెం ఇనుము, టైటానియం చేరితే నీలం రంగు వస్తుంది. శ్రీలంకలో గెవుడ అనే పాలరంగు రాళ్లు కుప్పలుగా దొరికేవి, వాటికి విలువే ఉండేది కాదు. 1970లలో థాయ్ వ్యాపారులు వాటిని చవగ్గా కొనుక్కెళ్లి 1500 డిగ్రీలు దాటిన కొలిమిలో పెట్టడం మొదలుపెట్టారు. రాయి లోపల పట్టుదారాల్లా ఉన్న రూటైల్ అనే ఖనిజం కరిగి, అందులోని టైటానియం రాయిలో కలిసిపోయి, పాలరంగు పోయి నీలం తేలింది. గెవుడని తవ్వి చవగ్గా వదిలేసుకున్నవాళ్లు ఆ సంగతి తెలిశాక ఎంత బాధపడి ఉంటారో ఆలోచించండి. ఇప్పుడు రత్నపురలోనే కొలిములున్నాయి, ఆ లాభంలో కొంతైనా ఆ ఊళ్లో ఉంటోంది.

ఇలా వేడి మాత్రమే చేసిన రాయి రంగు పోదు, తరతరాలు ఉంటుంది. వేడి చేయని మంచి రాయి అరుదు కాబట్టి దాని ధర చాలా ఎక్కువ. ఏది ఏదో చెప్పి, దాని ధరకి అది అమ్మితే ఇందులో తప్పేం లేదు.

అసలు జాగ్రత్తపడాల్సినవి వేరే ఉన్నాయి. ఒకటి బెరీలియం అనే మూలకం. 2001, 2002 ప్రాంతంలో నారింజ రంగు రాళ్లు ఒక్కసారిగా మార్కెట్లో వెల్లువెత్తాయి, చివరికి చూస్తే బెరీలియం కలిపి వేడి చేసినవని తేలింది. దీన్ని పట్టుకోవాలంటే ఖరీదైన ల్యాబ్ పరీక్ష కావాలి, భూతద్దంతో తేలదు. రెండోది కోబాల్ట్ రంగు సీసపు గాజు నింపిన రాళ్లు. పగుళ్ల నిండా గాజు ఉంటుంది, కంసాలి టంకం వేడికో, నిమ్మరసంలాంటి పులుపుకో పాడైపోతాయి. అలాంటివి ఏ ధరకైనా మేం ముట్టుకోం.

మీరెప్పుడైనా మోసపోయారా?

పోయాం. నాలుగో ప్రయాణంలో. అప్పటికి మూడుసార్లు వెళ్లొచ్చాను కదా, నాకు తెలిసిపోయిందనే ధైర్యం. రోడ్డు పక్కన ఒకతను కాగితం పొట్లం విప్పి, పది క్యారెట్ల ముడిరాయి చూపించాడు. వాగులో దొర్లి నునుపైన గులకలాగే ఉంది, గుంటల్లో ఎర్రమట్టి, టార్చ్ పెడితే నిండు నీలం. ఏ ఊరి గుంతదో కూడా చెప్పాడు. నేను ఎవర్నీ అడగలేదు, కొనేశాను. హైదరాబాద్ వచ్చాక మా సాన పట్టేవాడు ఒక మూల కొంచెం అరగదీసి, లోపల చూసి, ఏమీ అనకుండా భూతద్దం నా చేతికిచ్చాడు. లోపల రంగు గీతలు వంపు తిరిగి ఉన్నాయి, గ్రామఫోన్ రికార్డు మీద గీతల్లా. భూమిలో పుట్టిన నీలంలో రంగు పొరలు తిన్నగా, కోణాలు కోణాలుగా ఉంటాయి, వంపు తిరగవు. వెర్నూయ్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త 1902లో ప్రకటించిన మంట పద్ధతిలో తయారయ్యే కృత్రిమ రాయి అది. దాన్ని గులకలా దొర్లించి మట్టి పూశారు.

గనులున్న ఊళ్లోనే ఇలాంటివి ఎక్కువ అమ్ముతారు, ఎందుకంటే అక్కడ మనకి అనుమానం రాదు. ఆ డబ్బు పోయిందని కాదు నా బాధ, ఆ ఊళ్లో నిజంగా తవ్వేవాడి రాయికి చెందాల్సిన డబ్బు అది. అప్పటి నుంచి ముడిరాయి అయితే ఒక చిన్న కిటికీలా అరగదీసి లోపల చూస్తే తప్ప తీసుకోం.

ఫెయిర్‌ట్రేడ్ లాంటి సర్టిఫికెట్ ఏమైనా ఉందా?

ఫెయిర్‌ట్రేడ్ ముద్ర, అంటే పనిచేసినవాళ్లకి న్యాయమైన ధర దక్కిందని చెప్పే గుర్తు, బంగారానికి ఉంది, నీలానికి లేదు. కింబర్లీ ప్రాసెస్ అనే అంతర్జాతీయ ఏర్పాటు ముడి వజ్రాలకి మాత్రమే. నగల పరిశ్రమకి ప్రమాణాలు పెట్టే రెస్పాన్సిబుల్ జ్యువెలరీ కౌన్సిల్ 2019లో తన నియమావళిలో నీలం, కెంపు, పచ్చలని చేర్చింది, కానీ అది కంపెనీలకి ఇచ్చే గుర్తింపు, ఒక్కొక్క రాయికి ఇచ్చేది కాదు. టాంజానియాలో మోయో జెమ్స్ అనే ప్రయత్నం ఉంది, గనుల్లో పనిచేసే ఆడవాళ్లతో, నిర్ణీత అమ్మకం రోజుల్లో కొనుగోళ్లు జరిపిస్తారు. నాకు చాలా నచ్చిన పద్ధతి అది.

కాబట్టి ఎవరైనా "సర్టిఫైడ్ ఎథికల్ నీలం" అంటే ఎవరు సర్టిఫై చేశారు, దేన్ని చూసి చేశారు అని అడగండి. ల్యాబ్ రిపోర్ట్ వేరు, అందులో రాయి గురించి ఉంటుంది, తవ్విన మనిషి గురించి ఒక్క అక్షరం ఉండదు.

తవ్వి వదిలేసిన గుంతల సంగతేంటి?

లైసెన్స్ ఇచ్చేటప్పుడు అథారిటీ డిపాజిట్ కట్టించుకుంటుంది, గుంత పూడ్చాకే తిరిగిస్తుంది. చేత్తో తవ్విన గుంతని పూడ్చి మళ్లీ వరి నాటిన పొలాలు నేను చూశాను, నిరుడు ఎక్కడ దిగామో వాళ్లు చూపిస్తే తప్ప గుర్తుపట్టలేకపోయాను. పూడ్చకుండా వదిలేసినవీ చూశాను, నీళ్లు నిలిచి దోమలు, పశువులు పడిపోయే ప్రమాదం. లైసెన్స్ లేకుండా వాగుల్లో యంత్రాలు దింపి తవ్వేచోట నష్టం ఇంకా ఎక్కువ, ఒడ్లు కోసుకుపోతాయి. రత్నపురలో వానలు మామూలుగా ఉండవు, 2017 మే వరదల్లో ఆ జిల్లా ఎంత దెబ్బతిన్నదో పేపర్లలో చూసే ఉంటారు. అందుకే ఏ గుంతదో తెలిసిన రాయి అయితే లైసెన్స్ కాపీ చూడకుండా కొనం.

బావి తవ్వుతుంటే 510 కిలోల నీలం దొరికిందట కదా? మరి ధరలు తగ్గాలి కదా?

2021లో వచ్చిన వార్త అది, ఒక వ్యాపారి పెరట్లో. అలాంటి పెద్ద దిమ్మె మ్యూజియంలో పెట్టుకోవడానికి బాగుంటుంది. ఉంగరంలో పెట్టగల స్వచ్ఛమైన రాయి కిలోల్లో రాదు, క్యారెట్లలోనే వస్తుంది, క్యారెట్ అంటే గ్రాములో ఐదో వంతు. ధరలు తగ్గలేదు.

ఒకే బరువున్న రెండు రాళ్లకి ధరలో అంత తేడా ఎందుకు?

రంగు, స్వచ్ఛత, వేడి చేశారా లేదా, ఎలా సాన పట్టారు. ఇంకో సంగతి, బరువు పెరిగేకొద్దీ క్యారెట్ ధర కూడా పెరుగుతుంది, అంటే రెండు క్యారెట్ల రాయి ఖరీదు ఒక క్యారెట్ రాయికి రెట్టింపు కాదు, అంతకన్నా చాలా ఎక్కువ.

సాన గురించి కాస్త చెప్పాలి. శ్రీలంక రాళ్లలో ఒట్టు అనే రకం ఉంది. రాయంతా దాదాపు తెలుపు, ఒక అంచున మాత్రం రంగు. చెయ్యి తిరిగిన పనివాడు ఆ రంగు మచ్చ సరిగ్గా రాయి అడుగు మొనలో పడేలా తిప్పి కోస్తాడు. పైనుంచి చూస్తే రాయంతా నీలమే. పక్కనుంచి, తెల్లకాగితం మీద బోర్లించి చూస్తే తెల్లగా ఉంటుంది. ఇది మోసం కాదు, నేర్పు. ఉంగరంలో పైనుంచే కదా చూస్తాం. కానీ కొనేవాడికి ఆ సంగతి చెప్పాలి, ధర దానికి తగ్గట్టు ఉండాలి. మీరు ఏ షాపులో కొన్నా రాయిని నీళ్ల గిన్నెలో వేసి పక్కనుంచి చూపించమని అడగండి, రంగు ఎక్కడుందో ఇట్టే తెలుస్తుంది.

ముడిరాయి బరువులో సాన పట్టాక మిగిలేది చాలాసార్లు మూడో వంతే, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. ఇది కూడా ధరలో ఉంటుంది.

కనకపుష్యరాగం, పద్మరాగం కూడా నీలం జాతేనా?

అవును, కానీ పేర్లతో పెద్ద గందరగోళం ఉంది. కనకపుష్యరాగం పేరుతో మేం ఇచ్చేది పసుపు రంగు కురువిందం, అంటే నీలానికి తోబుట్టువు. టోపాజ్‌ని కూడా కొందరు పుష్యరాగం అనే అమ్ముతారు, అది పూర్తిగా వేరే రాయి, చాలా చవక. బిల్లు మీద ఏ రాయో స్పష్టంగా రాయించుకోండి.

పద్మరాగం అంటే మన రత్నశాస్త్రంలో కెంపు. అదే మాట సింహళం మీదుగా వ్యాపారుల నోళ్లలో పడి పద్‌పరాద్శా అయింది, ఇప్పుడు గులాబీ, నారింజ కలిసిన అరుదైన రాయికి ఆ పేరు. తామరపువ్వు రంగు అని అక్కడివాళ్లు ముద్దుగా చెప్పుకుంటారు. ధర చాలా ఎక్కువ కాబట్టి మంచి ల్యాబ్ రిపోర్ట్ లేకుండా కొనొద్దు.

నీలం నాకు పడుతుందో లేదో చెప్తారా?

జ్యోతిషం మా విద్య కాదు, చెప్పం. దిండు కింద మూడు రోజులు పెట్టుకుని చూస్తామనేవాళ్లకి పొదగకముందు వారం రోజుల గడువిస్తాం, వద్దనుకుంటే మొత్తం డబ్బు వెనక్కి. తవ్వేవాళ్లకీ వాళ్ల నమ్మకాలున్నాయి, మంచి ముహూర్తం చూడకుండా గుంత మొదలుపెట్టరు, రత్నపురలోని సమన్ దేవుడి గుడిలో మొక్కుకుంటారు.

మన కర్నూలు జిల్లాలో వజ్రాలు ఏరుకున్నట్టే అక్కడ కూడానా?

ఈ ప్రశ్న రాయలసీమవాళ్లు తప్పకుండా అడుగుతారు, నాకూ ఇష్టమైన ప్రశ్న. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి పొలాల్లో జనం తల వంచుకుని వెతుకుతారు. పోలిక ఉంది, వానే మట్టిని కడిగి రాయిని పైకి తెస్తుంది. తేడా ఏంటంటే, మన దగ్గర దొరికినవాడు ఒంటరి. రాయి చేతికి రాగానే భయం, ఎవరికి చూపించాలి, ఎంత అడగాలి. సాయంత్రంలోపు ఎవరో వ్యాపారి వచ్చి ఎంతిస్తే అంత. నాలుగు రోజుల తర్వాత పేపర్లో చదివి, ఎంత పోగొట్టుకున్నాడో తెలుసుకుంటాడు. రత్నపుర గుంత దగ్గర లైసెన్స్ ఉంది, వాటాదారులున్నారు, పదిమంది ముందు బేరం జరుగుతుంది, అక్కడ బజారులో ఇంకో ముగ్గురికి చూపించి ధర కనుక్కునే వీలుంది. అదేం స్వర్గం కాదు. కానీ దొరికినవాడు దొంగలా దాక్కోనక్కర్లేదు. మన పొలాల్లో కూడా అలాంటి ఏర్పాటు ఉంటే బాగుండునని ప్రతిసారీ అనిపిస్తుంది.

నేనే రత్నపుర వెళ్లి కొనుక్కోవచ్చా?

వెళ్లండి, తప్పకుండా. కొలంబో నుంచి వంద కిలోమీటర్లు. పొద్దున్నే వీధిలోనే బజారు మొదలవుతుంది, చొక్కా జేబుల్లోంచి కాగితం పొట్లాలు తీస్తారు. బేరువల అనే ఊళ్లోని రత్నాల మార్కెట్‌కి వెళ్తే అక్కడి ముస్లిం వ్యాపారులు తమిళం మాట్లాడతారు, నెల్లూరు, చిత్తూరు వైపువాళ్లకి భాషతో ఇబ్బంది ఉండదు. రత్నపురలో సింహళం. నేను మొదట్లో అలవాటుకొద్దీ పెద్దవాళ్లని "అయ్యా" అనేవాణ్ణి, సింహళంలో అయ్యా అంటే అన్నయ్య అట, వాళ్లు నవ్వి నన్ను తమ్ముణ్ణి చేసుకున్నారు.

కొన్ని మాటలు మాత్రం గుర్తుపెట్టుకోండి. మొదటిరోజు కొనకండి, చూడండి అంతే. పదిరెట్ల భూతద్దం, టార్చ్, తెల్లకాగితం పట్టుకెళ్లండి. రాయిని పగటి వెలుతురులో, నీడపట్టున చూడండి, షాపులోని ఎల్‌ఈడీ లైటు కింద ప్రతి నీలమూ అందంగానే ఉంటుంది. ముడిరాయి జోలికి వెళ్లకండి, నా అనుభవం పైన చదివారు కదా. లైసెన్స్ ఉన్నవాళ్ల దగ్గరే కొని, అథారిటీ ఆఫీసులో చూపించి, సీల్ చేయించుకుని, బిల్లుతో రండి. ఇక్కడ దిగాక కస్టమ్స్‌లో డిక్లేర్ చేయండి. ఖరీదైన రాయి అయితే ల్యాబ్ రిపోర్ట్ వచ్చాకే పూర్తి డబ్బు అనే షరతు మీద మాట్లాడుకోండి, నిజాయితీగల వ్యాపారి ఒప్పుకుంటాడు.

గుంత చూడటానికి వెళ్తే చిన్నపిల్లల్ని అంచు దగ్గరికి పోనివ్వకండి. లోపలికి దిగుతామని సరదా పడకండి.

రోజూ పెట్టుకునే ఉంగరంలో నీలం ఆగుతుందా?

ఆగుతుంది. కాఠిన్యంలో వజ్రం 10 అయితే నీలం 9. గీతలు పడటం అరుదు, గట్టి దెబ్బ తగిలితే మాత్రం అంచు లేవొచ్చు. గోరువెచ్చని నీళ్లు, కొంచెం సబ్బు, మెత్తటి బ్రష్ చాలు. పొదిగిన కొక్కేలు ఏడాదికోసారి చూపించుకోండి.

నా ఉంగరంలోని రాయి ఏ గుంతదో చెప్పగలరా?

కొన్నింటికి చెప్పగలం, కొన్నింటికి చెప్పలేం. ప్రతి నగతోపాటు ఒక చిన్న కార్డు ఇస్తాం. ఊరు, దొరికిన నెల, ముడిరాయి బరువు, సాన పట్టాక బరువు, సాన ఎక్కడ పట్టారు, వేడి చేశారా, గుంత దగ్గర ముడిరాయి ఎంతకి అమ్ముడైంది. మొన్నీమధ్య ఒక నిశ్చితార్థపు ఉంగరానికి అన్ని గడులూ నింపగలిగాం: నివిటిగల దగ్గరి గుంత, 4.6 క్యారెట్ల ముడిరాయి, సాన పట్టాక 1.4 క్యారెట్లు, వేడి చేయలేదు. ఆ పిల్లవాడు కార్డుని ఉంగరం కన్నా ఎక్కువసేపు చూశాడు.

చిన్న రాళ్ల విషయంలో అలా కుదరదు. పది గుంతల రాళ్లు ఒకే పొట్లంలో కలిసిపోయి వస్తాయి, సాన పట్టేచోట మళ్లీ కలుస్తాయి. నక్లెస్‌లో చుట్టూ పెట్టే చిన్న నీలాలకి జిల్లా పేరు దాటి మాకు ఏమీ తెలియదు. అలాంటప్పుడు ఆ గడి ఖాళీగానే ఉంచుతాం, ఊహించి రాయం. మీ కార్డులో ఖాళీ గడి ఉంటే ఫోన్ చేయండి, ఎందుకు ఖాళీగా ఉందో చెప్తాం. తర్వాతి ప్రయాణంలో తెలిస్తే నింపి పంపిస్తాం, ఇప్పటికి రెండు కార్డులు అలా నింపాం.